ఉజ్బెక్ సంప్రదాయ వాద్యాలు – ప్రజల్లో అవగాహన

ఉజ్బెకిస్తాన్ వాద్యమైన 'తన్బూర్' పేరు వినగానే తెలుగు విద్యార్థికి మన తంబుర గుర్తుకు వస్తుంది. పేర్ల పోలిక నిజమే గాని, పని వేరు. మన తంబురకు మెట్లుండవు. అది శ్రుతి కోసం. తన్బూర్‌కు మెట్లున్నాయి. చూపుడువేలికి లోహపు 'గోరు' తొడుక్కొని దానిపై స్వరాలు పలికిస్తారు. బుఖారాలో రూపుదిద్దుకొన్న షష్‌మఖామ్, అంటే ఆరు మఖామ్‌ల సంప్రదాయానికి ఇదే ప్రధాన వాద్యం. తాళానికి దోయిరా ఉంటుంది. ఇది చట్రం లోపలి అంచున చిన్న లోహపు కడియాలు వేలాడే చర్మవాద్యం.

ఇళ్లలో వాయించుకొనే వాద్యం దుతార్. పారశీకంలో 'దు' అంటే రెండు, 'తార్' అంటే తీగ. బుర్రను మల్బరీ చెక్క బద్దలతో కడతారు. తీగలు పూర్వం పట్టువి. పట్టుపురుగు తినేదీ మల్బరీ ఆకే కనుక ఒకే చెట్టు రెండింటికీ ఆధారమైంది! దీన్ని వేళ్లతోనే మీటుతారు. ధ్వని మెత్తనిది, చిన్న గదికి సరిపోయేది. ఫెర్గానా లోయలో, తాష్కెంట్‌లో స్త్రీలు తమ కూటముల్లో దుతార్ వాయిస్తూ పాడడం పాత ఆచారం.

చిక్కు ఇక్కడే వచ్చింది. సోవియట్ కాలంలో పెద్ద సభాభవనాలకు, వాద్యబృందాలకు ఈ ధ్వని చాలదనుకొన్నారు. 1930, 40 దశకాల్లో తాష్కెంట్‌లో అషోత్ పెట్రోస్యాంత్స్ నాయకత్వాన వాద్యాలను సంస్కరించారు. దండికి చుట్టి కట్టే పాత మెట్లను కొద్దిగా జరుపుకొనే వీలుండేది. వాటి స్థానంలో, పియానోలో వలె స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే స్థిరమైన మెట్లు వచ్చాయి. మేలు జరగలేదని అనలేం. స్వరలిపితో తరగతిలో నేర్పడం సులువైంది, ఎక్కువమందికి వాద్యం పరిచయమైంది. కాని మెట్టును జరిపి సాధించే సూక్ష్మ స్వరభేదాలకు ఆ వాద్యాల్లో చోటు లేకపోయింది. నా దృష్టిలో, వాద్యాన్ని చూసి గుర్తుపట్టడం వేరు, విని గుర్తుపట్టడం వేరు.

పాత పద్ధతిని నిలిపినవారూ ఉన్నారు. దాదాపు మరుగున పడిన సాతోను, అంటే కమానుతో వాయించే తన్బూర్‌ను, తుర్గున్ అలిమతోవ్ (1922–2008) మళ్లీ వేదికపైకి తెచ్చారు. షష్‌మఖామ్‌కు 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పాఠశాల విద్య ముగించే ప్రతి విద్యార్థీ కనీసం ఒక జాతీయ వాద్యం వాయించగలగాలని 2022లో ఆ దేశ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. అయితే పిల్లల చేతికి వచ్చేది పట్టుతీగల దుతారా, సంస్కరించిన దుతారా అన్నది ఆ ఉత్తర్వు అమలులో గమనించవలసిన అంశం.

అభ్యాసం: పట్టుతీగల దుతార్ ఏకవాద్యాన్ని, సంస్కరించిన వాద్యాల బృందగానాన్ని వెంటవెంటనే విని, ధ్వనిలోని తేడాను మీ మాటల్లో అయిదు వాక్యాల్లో రాయండి.