ఇల్లు వాళ్లది... బిల్లు మనది!
ఇంగ్లండులో అద్దెకు దిగిన మన కుర్రాళ్ల కరెంటు, గ్యాసు, పన్ను పాట్లు

తణుకు: ''కోర్టు నుంచి కాగితం వచ్చింది నాన్నా'' అని ఇంగ్లండు నుంచి కొడుకు ఫోను చేసేసరికి ఆ రైతుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తణుకు మండలంలోని ఒక గ్రామంలో ఎకరంన్నర కొబ్బరితోట తాకట్టు పెట్టి కొడుకును ఎమ్మెస్సీ చదువుకు పంపిన కుటుంబం అది. పిల్లవాడు ఎవరితోనైనా గొడవ పడ్డాడేమో, ఏ కారుకిందో ఎవరైనా పడ్డారేమో అని ఆ రాత్రి ఇంట్లో ఎవరూ కన్ను మూయలేదు. తెల్లారాక నిదానంగా అడిగితే తేలింది, అది ఇంటిపన్ను బాకీ!

''ఇంటిపన్ను ఇల్లుగలోడు కడతాడు గానీ అద్దెకున్నోడు కట్టడమేంట్రా?'' అని తండ్రి అడిగారు.

న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర పంచాయతీ పన్ను యజమాని పేరున ఉంటుంది. కరెంటు మీటరూ యజమాని పేరునే. కొన్ని ఇళ్లలో కాలం చేసి పాతికేళ్లయిన తాతగారి పేరునే ఇప్పటికీ బిల్లు వస్తోంది. అద్దెకున్నవారు నెల తిరిగేసరికి సబ్ మీటరు చూసుకుని, యూనిటుకు ఇంతని లెక్కగట్టి యజమాని చేతిలో పెడతారు. కరెంటాఫీసు మొహం చూడనక్కరలేదు.

అక్కడ అలా కాదు. ఇల్లు ఎవరిదైనా తాళం ఎవరి చేతికి వస్తే ఆ రోజు నుంచి కరెంటు, గ్యాసు, నీరు, పన్ను అన్నీ వారి ఖాతాలోకే వస్తాయి. వారు దరఖాస్తు పెట్టకపోయినా, సంతకం చేయకపోయినా సరే. ఈ ఒక్క సంగతి తెలియక మన పిల్లలు పడుతున్న అవస్థలు అన్నీ ఇన్నీ కావు. ఆ కుర్రాడు ఫోనులో చెప్పిందీ, సంక్రాంతికి ఊరొచ్చిన మరో ఇద్దరు ముగ్గురు ఈ విలేకరికి చెప్పిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వచ్చే సెప్టెంబరుకు ప్రయాణం కట్టేవారు మన చుట్టుపక్కల ఊళ్లలో చాలామందే ఉన్నారు గనుక వారి తల్లిదండ్రులు కూడా చదవవలసిన సంగతులే.

చదువు ముగిసిన మర్నాడే పన్ను

అక్కడి ఇంటిపన్నును కౌన్సిల్ ట్యాక్స్ అంటారు. 1991 నాటి ఇంటి విలువను బట్టి ఎ నుంచి హెచ్ వరకు తరగతులు కట్టి వేస్తారు. ఇంట్లో ఉన్నవారంతా పూర్తికాలపు విద్యార్థులైతే ఈ పన్ను లేదు. అయితే మినహాయింపు తనంతట తాను రాదు. యూనివర్సిటీ ఇచ్చే పత్రం పురపాలక కౌన్సిలుకు పంపాలి. మన కుర్రాడు మొదట్లో అది పంపాడు, నిశ్చింతగా ఉన్నాడు.

చిక్కంతా తర్వాత వచ్చింది. 2024 సెప్టెంబరులో అతని చదువు ముగిసింది. చదువు తర్వాత ఉద్యోగం చేసుకునేందుకు 2021లో మొదలైన గ్రాడ్యుయేట్ వీసా తీసుకుని, ఒక గోడౌనులో పనికి కుదిరాడు. అదే ఇల్లు, అదే గది. తోటివారిద్దరూ ఇంకా విద్యార్థులే. ఏమీ మారలేదనుకున్నాడు. కానీ కౌన్సిలు లెక్కలో ఆ ఇంట్లో పన్ను కట్టవలసినవాడు ఒకడు తేలాడు. లెక్కకు వచ్చే పెద్దవాడు ఒక్కడే అయితే పన్నులో 25 శాతం తగ్గిస్తారు. మిగిలిన 75 శాతం అతనొక్కడి మీదే పడుతుంది. విద్యార్థులుగా ఉన్న మిగతా ఇద్దరిని అడగరు. వాళ్లు స్నేహం కొద్దీ పంచుకుంటే అది వారి మంచితనం.

నెలకు దాదాపు 100 పౌండ్లు. పౌండు మన 110 రూపాయలకు పైమాటే గనుక ఎంతవుతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. మొదటి లేఖ వచ్చింది, ఇంటివారి వ్యవహారం అనుకుని బల్ల మీద పడేశాడు. గుర్తుచేస్తూ రెండోది వచ్చింది, అదీ అక్కడే చేరింది. వాయిదాలు తప్పితే ఆ ఏడాది మిగిలిన మొత్తం ఒకేసారి కట్టాలంటారు. అప్పటికీ పలకకపోతే మేజిస్ట్రేటు కోర్టు సమన్లు వస్తాయి. ఆ ఖర్చులు కూడా మన నెత్తినే. 2025 మార్చిలో వచ్చిన ఆ కాగితమే ఇక్కడ ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది.

ఆఖరికి కుర్రాడు ధైర్యం చేసి కౌన్సిలుకు ఫోను చేశాడు. చదువు ముగిసిన తేదీ ఉన్న పత్రం పంపాడు. లెక్క ఆ తేదీ నుంచి సవరించి, రాయితీ వేసి, నెలవారీ వాయిదాలు కట్టుకోమన్నారు. సమన్ల ఖర్చు మాత్రం వదల్లేదు. మొదటి లేఖ వచ్చిన రోజునే ఆ ఫోను చేసి ఉంటే ఆ ఖర్చు పడేది కాదు, తండ్రికి బీపీ పెరిగేదీ కాదు. గదుల వారీగా వేరువేరు ఒప్పందాలతో అద్దెకిచ్చే ఇళ్లకు మాత్రం ఈ పన్ను యజమానే కట్టాలి. అందుకే ఒప్పందం ఇల్లంతటికా, గదికా అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి.

మీటరు ఫొటో తీశావా?

కరెంటు, గ్యాసు సంగతి మరో తీరు. కొత్త ఇంట్లో దిగేసరికి దీపాలు వెలుగుతూనే ఉంటాయి. మనవాళ్లు సంతోషించి ఊరుకుంటారు. ఆ ఇంటికి అప్పటికే ఏదో ఒక కంపెనీ సరఫరా ఇస్తూ ఉంటుంది. మనం వాడిన మొదటి యూనిటుతోనే ఆ కంపెనీకి మనం ఖాతాదారులమైపోయినట్టు. దిగిన రోజు మీటరు రీడింగు తీసి వారికి చెప్పకపోతే కంపెనీ అంచనా వేసి బిల్లు పంపుతుంది. ఆ అంచనాలో పాతవారు వాడింది కూడా మన పద్దులో పడవచ్చు. సామాను దించకముందే కరెంటు మీటరుకూ గ్యాసు మీటరుకూ ఫొటో తీసి తేదీతో ఉంచుకోవాలి. ఇల్లు ఖాళీ చేసే రోజున మళ్లీ అదే పని. ఆ తర్వాత కంపెనీ నచ్చకపోతే వేరేదానికి మారవచ్చు. యజమాని అడ్డు చెప్పే పని లేదు, బిల్లు మన పేరున ఉన్నంతకాలం.

కొన్ని ఇళ్లలో ముందే డబ్బు వేసుకునే మీటర్లుంటాయి. కరెంటుకు తాళంచెవి లాంటిది, గ్యాసుకు కార్డు. వీధి చివరి దుకాణంలో డబ్బు కట్టి అందులో ఎక్కించుకుని మీటరులో పెట్టాలి. పాతవారు వదిలేసిన తాళంచెవి వాడితే వారి బాకీ మనం వేసిన డబ్బులోంచి కోసుకుపోతుంది! ఊరొచ్చినవారిలో ఒక అబ్బాయి రెండు వారాలు ఎవరిదో అప్పు తీర్చాడట. దిగగానే కంపెనీకి ఫోను చేసి కొత్త తాళంచెవి, కార్డు తెప్పించుకోవాలి.

ఇంకో చిత్రం. ఏమీ వాడకపోయినా రోజువారీ స్థిర చార్జీ ఆగదు. 2025లో ఇది కరెంటుకే రోజుకు 50 పెన్సులకు పైన ఉంది. నెల రోజులు ఊరొచ్చి తిరిగి వెళ్లేసరికి మీటరులో వేసిన డబ్బంతా హరించుకుపోయి, ఇల్లు మంచుగడ్డలా ఉంటుంది. ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2019 జనవరి నుంచి ధరలకు పరిమితి పెట్టిన మాట నిజమే. ఆ పరిమితి యూనిటు ధరకూ రోజువారీ చార్జీకీ మాత్రమే, మొత్తం బిల్లుకు కాదు. ఎంత కాల్చినా ఇంతే అనుకుని హీటరు ఆపకుండా నిద్రపోయిన మహానుభావులున్నారు. 2025లో కరెంటు యూనిటు 25 నుంచి 27 పెన్సులు, గ్యాసు యూనిటు 6 నుంచి 7 పెన్సులు. రెండు కిలోవాట్ల కరెంటు హీటరు గంట తిరిగితే అరపౌండు పోయినట్టే. ఇంట్లో గ్యాసు బాయిలరు ఉండగా గదికో కరెంటు హీటరు కొనుక్కోవడం తెలివైన పని కాదు.

బిల్లులన్నీ అద్దెలోనే కలిపామనే ఇళ్లూ ఉన్నాయి. కొత్తవారికి అవే మేలని ఈ విలేకరి అభిప్రాయం. అయితే నెలకు ఇంతకు మించి వాడితే అదనం అనే షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నీటికి మాత్రం కంపెనీని ఎంచుకునే వీలు లేదు, ఆ ప్రాంతానికి ఎవరుంటే వారే. బాకీ ఉన్నా ఇంటి నీరు ఆపడానికి 1999 చట్టం ఒప్పుకోదు, బాకీ మాత్రం బాకీయే. టీవీకి కూడా లైసెన్సు ఉంది. ఫోనులో పాత సినిమాలు చూస్తే అక్కరలేదు గానీ క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం చూస్తే కట్టాల్సిందే.

వీటన్నిటికీ బ్యాంకు ఖాతా కావాలి. ఖాతాకు చిరునామా రుజువు కావాలి. చిరునామా రుజువుకు కరెంటు బిల్లో పన్ను బిల్లో తెమ్మంటారు. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుంటుంది వ్యవహారం. మొదట్లో యూనివర్సిటీ ఇచ్చే లేఖతో ఖాతా తెరుచుకోవచ్చని కుర్రాళ్లు చెప్పారు. మన కుర్రాడైతే తర్వాత ఇంకో బ్యాంకులో ఖాతా తెరవబోతే చిరునామా రుజువు అడిగారట. తండ్రిని హడలగొట్టిన ఆ కౌన్సిలు బిల్లునే తీసుకెళ్లి చూపించాడు.

ఇటీవల అతను మరో ఇంటికి మారాడు. కొత్త ఇల్లు ఎలా ఉందో ఫొటో పంపరా అని తల్లి అడిగితే, మొదట రెండు మీటర్ల ఫొటోలు వచ్చాయి. తండ్రి వాటిని ఈ విలేకరికి చూపించి, ''నీళ్ల మీటరేదిరా అనడిగానండీ. అది ఇంటి బయట, రోడ్డు పక్కన మూత కింద ఉందంట. వాన తగ్గాక తీస్తానన్నాడు'' అన్నారు.