ఓడకి తన అలే అడ్డు

మాగ్డెబర్గ్‌కి చుట్టాలెవరొచ్చినా మేం తప్పకుండా తీసుకెళ్ళే చోటు, ఊరికి ఉత్తరాన ఉన్న నీటి వంతెన. కింద ఎల్బే నది, పైన వంతెన మీద కాలువ, ఆ కాలువలో సరుకు ఓడలు! 2003 అక్టోబరులో తెరిచిన ఈ వంతెన పొడవు 918 మీటర్లు. అంతకు ముందు ఇటు కాలువ నుంచి అటు కాలువకి వెళ్ళాలంటే ఓడలు నదిలోకి దిగి, మళ్ళీ పైకెక్కి, 12 కిలోమీటర్లు చుట్టు తిరిగేవి.

పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంత ఓడ ఎక్కితే వంతెన కుంగిపోదూ?" కుంగదు. తేలే ఓడ తన బరువుకి సమానమైన నీటిని పక్కకి తప్పిస్తుంది కాబట్టి వంతెన మీద భారం పెరగదు. పిల్లల ప్రశ్న వేరు. "ఇదేంటి, ఇంత నెమ్మది? మన సైకిలే ముందు వెళ్ళిపోతోంది!"

సైన్సు చదువుకున్న నాకు పిల్లల ప్రశ్నే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే దాని జవాబు మన వంటింటి బియ్యం డబ్బా దాకా వస్తుంది.

నీళ్ళలో వెళ్ళే ఓడకి ముఖ్యంగా రెండు అడ్డంకులు. ఒకటి, ఒంటికి నీరు రాసుకోవడం వల్ల వచ్చే ఘర్షణ. రెండోది, ఓడ తనే పుట్టించే అల. ముందు భాగం నీటిని తోస్తుంది, నీరు పైకి లేస్తుంది, అలై వెనక్కి సాగుతుంది. అందంగా కనిపించే ఆ అలల్లో ఉన్న శక్తంతా ఇంజన్లో కాలిన డీజిలే.

వేగం పెరిగేకొద్దీ అల పొడవు కూడా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అల నాలుగింతలు పొడవవుతుంది. అల పొడవు ఓడ పొడవుతో సమానమైనప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఇంకా వేగం పెంచితే ముందు భాగం అల మీదా, వెనక భాగం పల్లంలోనూ ఉంటాయి. అంటే ఓడ తను లేపిన గుట్టని తనే ఎక్కుతూ పోవాలి! 30 సెంటీమీటర్ల బాతుకి ఈ హద్దు గంటకి సుమారు రెండున్నర కిలోమీటర్లు. 80 మీటర్ల ఓడకి 40.

మరి మన కాలువ ఓడ 40లో ఎందుకు వెళ్ళదు? లోతు చాలదు కనుక. లోతు తక్కువైన చోట అల వేగానికే ఒక పరిమితి ఉంటుంది. నాలుగు మీటర్ల లోతులో అది గంటకి దాదాపు 22 కిలోమీటర్లు. ఆ వేగానికి దగ్గరపడేకొద్దీ నీరు ముందు పోగుపడుతుంది. పైగా కాలువ ఇరుకు. ఓడ తోసిన నీరు పక్కల నుంచీ అడుగు నుంచీ జోరుగా వెనక్కి పారుతుంది, అక్కడ నీటిమట్టం తగ్గుతుంది, ఓడ అడుగుకి కుంగుతుంది, గట్లు కోసుకుపోతాయి. అందుకే కాలువల్లో వేగానికి కట్టడి.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది పాత సంగతే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు పొలాలకి నీళ్ళిచ్చినట్టే పడవలకి దారీ ఇచ్చాయి. లాకులు పెట్టింది పడవల కోసమే. గట్టు మీద నడుస్తూ మనుషులే తాడుతో బస్తాల పడవల్ని లాగేవాళ్ళు. నడక వేగంలో అల దాదాపు పుట్టదు మరి!

సముద్రం మీద వెళ్ళే ఓడలకి వేగం కావాలి. ఓడ కట్టకముందే దాని అలల్ని కొలవడం ఎలాగో విలియం ఫ్రౌడ్ చూపించాడు. 1872లో ఇంగ్లండులోని టోర్కీలో పొడవాటి నీటి తొట్టి కట్టి, చిన్న నమూనాల్ని లాగి చూశాడు. అలాంటి తొట్టి, 500 మీటర్ల పొడవుది, మన విశాఖపట్నంలో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉంది. పెద్ద ఓడల ముందు, నీటిమట్టానికి కింద, ఉబ్బెత్తు ముక్కు చూశారా? ఆ ముక్కు తన అలని వేరే పుట్టిస్తుంది. దాని పల్లం ఓడ అల శిఖరం మీద పడేలా లెక్క కడతారు. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి.

అయితే ఆ లెక్క ఒక్క వేగానికే కుదురుతుంది. 2008 తర్వాత ఇంధనం ఆదా కోసం కంటెయినర్ ఓడలు వేగం తగ్గించినప్పుడు పాత ముక్కులే బరువయ్యాయి. చాలా ఓడలకి కోసి కొత్తవి పెట్టారు. అంత ఖర్చెందుకంటారా? ఇంజన్ శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. పదో వంతు నెమ్మదిస్తే అదే దూరానికి దాదాపు ఐదో వంతు ఇంధనం మిగులుతుంది. అంత పొగా తగ్గుతుంది.

మన సోనామసూరి, చింతపండు, కందిపప్పు సముద్రం దాటి వచ్చేవే. ఇండియన్ షాపులో సరుకు వారం ఆలస్యమైతే విసుక్కునే ముందు ఈ లెక్క గుర్తుచేసుకోవచ్చు.

ఇంకో మాట. రోటెహోర్న్ పార్కు చెరువులో తల్లి బాతు వెనక పిల్లలు వరసగా ఈదడం మీ పిల్లలకి చూపించండి. 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, సరైన చోట ఈదే పిల్లని తల్లి అలే ముందుకి నెడుతుందట. పెద్ద ఓడకి అడ్డమైన అలే, చిన్న బాతుపిల్లకి ఆసరా!