వార్తల్లో పదం: ఈజ్‌మెంట్
అన్నదమ్ములు ఇంటిస్థలం పంచుకుంటారు. వెనక వాటా వాళ్లు రోడ్డెక్కాలంటే ముందు వాటా పక్కనున్న ఆరడుగుల సందే దిక్కు. ముందు వాటా ఎవరికో అమ్ముడుపోయిందా, గేటుకు తాళం పడుతుంది. ఆ తర్వాత కోర్టు మెట్లే.

ఈ కేసుల్లో వినిపించే మాట ఈజ్‌మెంట్. స్థలం ఒకరిది, దాని మీదుగా వెళ్లే హక్కు మరొకరిది. ఆధారం 1882 నాటి చట్టం. ఈ హక్కు దస్తావేజుతో రావచ్చు. పంపకాల వల్ల వేరే దారి లేకుండా పోతే అవసరం కింద కూడా వస్తుంది. మరో దారి దొరికిందంటే అదీ పోతుంది.

అసలు పేచీ వాడుకతో వచ్చే హక్కు దగ్గరే. 20 ఏళ్లు బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. ప్రభుత్వ భూమైతే 30 ఏళ్లు. అడ్డుకున్న రెండేళ్లలోపు దావా వేయాలి. 'ఇరుగుపొరుగు కదా, నడవనీలే' అని పోనిచ్చిన దారి ఎన్నేళ్లు వాడినా అది లైసెన్సే, మామూలుగా ఇచ్చినవాళ్లు రద్దు చేసుకోవచ్చు. మంచితనానికి చట్టం ఇచ్చిన రక్షణ అనుకోవాలి!

దస్తావేజులో 'ఉమ్మడి రస్తా' అని ఉంటే కథ వేరు. అందులో ఇద్దరికీ యాజమాన్యమే ఉంటే ఈజ్‌మెంట్ ప్రశ్నే రాదు, సొంత స్థలం మీద ఈజ్‌మెంట్ ఉండదు. ఇంకో మెలిక: ఒక రకం దారి హక్కులో మరో రకం కలిసి రాదు. నడకకు వచ్చిన హక్కుతో కారు తోలతానంటే కుదరదు.