కుండను కొట్టి చూసినట్టు

మ్యూనిక్‌లో ఉండే తెలుగువాళ్ళు క్రిస్టోఫ్ 1ని చూసే ఉంటారు. హార్లాఖింగ్ ఆసుపత్రి నుంచి ఎగిరే పసుప్పచ్చ హెలికాప్టర్ అది. 1970 నవంబర్ 1న మొదలైన సేవ. మూడేళ్ళ క్రితం, పిల్లల్ని చూడ్డానికి వచ్చిన మా నాన్నగారు ఆల్ప్స్ కొండదారిలో గుండె పట్టుకుని కూలబడితే అలాంటి హెలికాప్టరే వచ్చి తీసుకువెళ్ళింది. ఆయన కోలుకున్నారు. కళ్ళు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, "బిల్లెంతయిందిరా?" నేను మాత్రం ఆ రోజు తలెత్తి చూసిన రెక్కల్ని మరిచిపోలేదు. ఇంజను ఆగినా హెలికాప్టర్‌ని దింపవచ్చు. రెక్క విరిగితే ఇక చేసేదేమీ ఉండదు.

క్రిస్టోఫ్ 1గా మొదట ఎగిరింది మ్యూనిక్ పక్కనే, ఓటోబ్రున్‌లో రూపుదిద్దుకున్న బో 105. దాని రోటరు నిమిషానికి 424 చుట్లు తిరుగుతుంది. ముందుకు పోయేటప్పుడు ప్రతి రెక్కా సగం చుట్టు ఎదురుగాలిలోకి దూసుకుపోతుంది, మిగతా సగం గాలివాలున వెనక్కి వస్తుంది. అంటే చుట్టుకి కనీసం ఒకసారి వంగి లేస్తుంది. లెక్క వెయ్యండి: గంటకి 25,440 సార్లు, వెయ్యి గంటలకి రెండున్నర కోట్ల పైమాట. ఇనప తీగని అటూ ఇటూ వంచి తుంపడం మనందరం చిన్నప్పుడు చేసిన పనే. 19వ శతాబ్దంలో ఫ్రాంక్‌ఫర్ట్ రైల్వే వర్క్‌షాపులో (ఓడర్ నది ఒడ్డుది, మన విమానాలు దిగేది కాదు) ఆగస్ట్ వోలర్ ఇరుసుల మీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి, ఈ లోహపు అలసటకి లెక్క కట్టాడు.

1967లో మొదటిసారి ఎగిరిన బో 105కి గాజుపీచు రెక్కలు పెట్టారు. లోహంలో పగులు ఒక హద్దు దాటితే పరుగెడుతుంది. పీచులో ఒక పోగు తెగినా పక్క పోగులు బరువు మోస్తాయి. కాని దీనికి మరో జబ్బుంది: పొరలు లోపల్లోపల విడిపోతాయి, పైన రంగు నున్నగానే ఉంటుంది. దాన్ని పట్టే ఒక పద్ధతి, నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి వినడం. సంతలో కుండ కొనేముందు మా అమ్మమ్మ చేసిందీ అదే. గట్టిగా అతుక్కున్నచోట ఖంగుమంటుంది, విడిపోయినచోట బోలుగా పలుకుతుంది. అనుమానం వస్తే అల్ట్రాసౌండ్. రెక్కని పట్టుకునే లోహపు భాగాలకి ఎడ్డీ కరెంట్: తీగచుట్ట వల్ల లోహంలో పుట్టే విద్యుత్తు పగులు దగ్గర దారి మళ్ళుతుంది, ఆ తేడా పరికరంలో తెలుస్తుంది. కొన్ని భాగాలనైతే పగులు కనిపించకపోయినా, గంటలు నిండగానే తీసి పారేస్తారు.

మాబోటి సాఫ్ట్‌వేర్‌వాళ్ళం 'ఈ పరికరం ఎంత చిన్న పగులు పట్టగలదు?' అని అడుగుతాం. అడగవలసింది అది కాదు, 'దీని కన్నుగప్పగల అతి పెద్ద పగులు ఎంత?' అని. ఆ పగులు ప్రమాదస్థాయికి పెరగడానికి ఎన్ని గంటలు పడుతుందో చూసి, ఈలోగా కనీసం రెండు తనిఖీలు పడేటట్టు గడువు పెట్టాలి.

ఆ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో జర్మనీకి తెలిసింది ఆకాశంలో కాదు, పట్టాల మీద. 1998 జూన్ 3న మ్యూనిక్ నుంచి హాంబర్గ్ వెళుతున్న రైలు ఎషెడె దగ్గర పట్టాలు తప్పి 101 మంది పోయారు. చక్రం చుట్టూ బిగించిన ఉక్కు కమ్మీకి లోపలివైపు పుట్టిన పగులు, బయటి నుంచి చూసేవాళ్ళకి కనబడలేదు. ఆ రైలు పేరు విల్‌హెల్మ్ కోన్రాడ్ రాంట్‌గెన్. ఎక్స్‌రే కనిపెట్టినాయన.