అమ్మ కోసం... అసెంబ్లీలో ఓ ప్రశ్న!

కాలవకు నీళ్లు రాలేదా... ఎమ్మెల్యే గారింటికి పరుగు. రోడ్డు గుంతలు పడిందా... అర్జీ. ధాన్యం కొనే నాథుడు లేడా... ధర్నా! నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో వరి రైతుకైనా, రొయ్యల చెరువు వాళ్లకైనా, సముద్రంలో వేటకెళ్లే వాళ్లకైనా కష్టమొస్తే మొదట గుర్తొచ్చేది శాసనసభ్యుడే. మరి, నెలలు నిండుతున్న కోడలికి రక్తం ఎనిమిది గ్రాములే ఉందని ఏఎన్‌ఎం చెబితే? అది మన ఇంటి సంగతి అనుకుంటాం. ఆకుకూరలు ఎక్కువ తినమ్మా అని చెప్పి ఊరుకుంటాం.

నిజానికి అది శాసనసభ సంగతి కూడా. ఇవాళ్టిది కాదు, దాదాపు వందేళ్ల నాటి సంగతి!

పురుడు గది నుంచి సభలోకి...

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా మద్రాసు ఏలుబడిలోనే ఉండేది. ఆ మద్రాసు శాసనమండలిలోకి 1927లో ఓ లేడీ డాక్టరు అడుగుపెట్టారు. ఆమే ముత్తులక్ష్మీరెడ్డి. మండలి ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు. ప్రసూతి ఆసుపత్రిలో తల్లుల అవస్థలు కళ్లారా చూసిన మనిషి. అందుకే సభలో ఆమె పట్టుబట్టిన విషయాలు మిగతావాళ్లకు తట్టనివి. ఆడపిల్లలకు పెళ్లి వయసు పెంచాలన్నారు. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకంగా వైద్యం ఉండాలన్నారు. దేవదాసీ దురాచారం పోవాలన్నారు. గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లో పదవి వదిలేశారు.

1939లో మద్రాసు చట్టసభ ప్రజారోగ్య చట్టం చేసింది. మంచినీళ్లు, మురుగు, అంటురోగాలతో పాటు మాతా శిశు సంక్షేమానికి అందులో విడిగా ఓ అధ్యాయమే పెట్టారు. తల్లీబిడ్డల బాగోగులు చూడటం స్థానిక సంస్థల బాధ్యత అన్నారు. రాష్ట్రం విడిపోయాక పేరు మార్చుకుని ఆ చట్టం ఆంధ్ర ప్రాంతానికీ కొనసాగింది. అలాంటిదొకటి ఉందని ఎంతమంది సర్పంచులకు తెలుసో!

దూబగుంట మర్చిపోలేదుగా?

ఆడవాళ్లు అడిగితే చట్టం కదులుతుందని దేశానికి చూపించింది నెల్లూరు జిల్లానే. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో చదువుకోవడానికి రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. మొగుడి కూలి డబ్బులు సారా కొట్టుకు పోతే కడుపుతో ఉన్న ఆడమనిషికి పాలు ఎక్కడివి, పిల్లాడికి గుడ్డు ఎక్కడిది? ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాపై నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం! రెండేళ్లకే, 1997లో దాన్ని సడలించేశారు. తెచ్చిందీ ఆ సభే, సడలించిందీ ఆ సభే.

ఆసుపత్రి దాకా వచ్చేశాం... తర్వాత?

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. రామతీర్థం లాంటి తీరం పల్లెలో అర్ధరాత్రి నొప్పులొస్తే ఎడ్లబండి కోసమో, ఎవరి ఆటో కోసమో ఎదురుచూడాల్సిన పని తప్పింది. ఫోన్ చేస్తే బండి వస్తుంది. కోవూరు మీదుగా పెన్నా వంతెన దాటితే నెల్లూరే. ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కు తగ్గింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మంత్రసాని చేతుల్లో పుట్టిన తరం ఇప్పుడు మనవళ్లను ఎత్తుకుంటోంది.

అయితే గెలిచినట్టేనా? అదే సర్వేలో పక్క పేజీలు తిరగేస్తే గుండె కలుక్కుమంటుంది. గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో! ఇక కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 63 శాతం.

అంటే ఆసుపత్రి గుమ్మం లోపల ఓ యుద్ధం చాలావరకూ గెలిచాం. ఆ గుమ్మం ఎక్కడానికి ముందున్న తొమ్మిది నెలలు, దానికీ ముందున్న పద్దెనిమిదేళ్లు అలాగే ఉండిపోయాయి. అంబులెన్సు పంపినంత తేలిక కాదు అది. రిబ్బను కత్తిరించి ఫొటో దిగడానికి అక్కడ భవనమేదీ ఉండదు మరి!

ఎమ్మెల్యే చేతిలో ఏముంది?

చాలానే ఉంది. బాల్యవివాహాల సంగతే చూడండి. 2006లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం అలాంటి పెళ్లి రద్దు కావాలంటే ఆ పిల్ల కోర్టుకు వెళ్లాలి. పదహారేళ్ల పిల్ల పుట్టింటినీ అత్తింటినీ ఎదిరించి కోర్టు మెట్లు ఎక్కుతుందా? పక్కనే ఉన్న కర్ణాటక శాసనసభ 2016లో ఆ చట్టాన్ని సవరించింది. పెళ్లి మొదట్నుంచీ చెల్లదని తేల్చేసింది.

సిజేరియన్ల మాటా అంతే. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, నియంత్రణ కోసం మన రాష్ట్రానికి 2002 నుంచే సొంత చట్టం ఉంది. ఏ ఆసుపత్రిలో నూటికి ఎన్ని కోతలో గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలని శాసనసభ కోరితే కాదనేదెవరు? కోత అవసరమైన తల్లికి అది ప్రాణదానమే. అవసరం లేని కోతే అప్పూ, నొప్పీ.

తల్లి తిండికి డబ్బు? 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి ఆరు వేలకు తగ్గకుండా ఇవ్వాలంది. కేంద్రం 2017లో తెచ్చిన మాతృవందన పథకంలో మొదటి కాన్పుకు ఇస్తున్నది అయిదు వేలు. తమిళనాడు మాత్రం పోషకాహార కిట్లతో కలిపి పద్దెనిమిది వేల దాకా తీసుకెళ్లింది. ఆ పథకం పేరేమిటో తెలుసా... డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ప్రసూతి సాయం! సొంత బడ్జెట్టులో పద్దు పెట్టుకుంటే ఏ రాష్ట్రమైనా చేయగల పనే.

మన చట్టసభ ఈ మధ్య తల్లుల విషయంలో పెద్ద మార్పే చేసింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో ఎత్తేసింది. జనాభా పెరుగుతోందని పెట్టారు, తగ్గుతోందని తీశారు. రెండుసార్లూ లెక్క జనాభాదే. మధ్యలో ఉన్న తల్లి ఒంట్లో రక్తమెంత అన్నది ఎవరి లెక్కలోనూ పెద్దగా లేదు.

ఇవన్నీ ఒక్క ఎమ్మెల్యే వల్ల అయ్యేవి కావు. ప్రశ్న అడగడం మాత్రం ఒక్కరి పనే. నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ బదులివ్వాలి. విడవలూరు మండలంలో నిరుడు పదకొండు గ్రాముల కన్నా తక్కువ రక్తంతో కాన్పుకెళ్లిన వాళ్లెందరు? ఏడు గ్రాముల కన్నా తక్కువున్న వాళ్లెందరు? వాళ్లకు ఐరన్ మాత్రలు ఎన్ని నెలలు అందాయి? కోవూరు ఎమ్మెల్యే అడగాల్సింది ఇంతే.

కమిటీ వేయక్కర్లేదు, సర్వే చేయించక్కర్లేదు. గర్భం నమోదైన రోజు నుంచి ప్రతి పరీక్షలోనూ ఆ అంకెను ఊళ్లో ఏఎన్‌ఎం రాస్తూనే ఉంటుంది. అది ఆమె రిజిస్టరులోనూ ఉంది, గర్భిణి దగ్గరుండే తల్లీబిడ్డల కార్డులోనూ ఉంది.