జట్టును నడిపే ఆట

చెడుగుడు ఆడబోయే ముందు పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు. పెద్దవాళ్ళిద్దరు ఎదురెదురుగా నిలబడి, "నాకు వాడు, నాకు వీడు" అంటూ వంతులవారీగా మనుషులను కోరుకుంటారు. ఒకడు బాగా కూతకు వెళ్ళేవాణ్ణి కోరుకుంటే, రెండోవాడు గట్టి పట్టు పట్టేవాణ్ణి లాక్కుపోతాడు. కూత ఇంకా మొదలే కాలేదు, కాని సగం ఆట అక్కడే తేలిపోతుంది.

ఈ కోరుకోవడాన్నే ఒక పెద్ద ఆటగా మార్చి, ఏళ్ళ తరబడి సాగిస్తే ఎట్లా ఉంటుంది? అటువంటి ఆట ఒకటి ఉన్నది. అయితే అది చెడుగుడు కాదు, అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. ఆడేది మైదానంలోనూ కాదు, టెలివిజన్ తెరమీద. దాని పేరు మాడెన్ ఎన్.ఎఫ్.ఎల్. అందులో జట్టును నడిపే పద్ధతిని ఫ్రాంచైజీ అంటారు.

కిందటి వేసవిలో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఇంట ఈ ఆట నెల రోజులపాటు సాగింది. అమెరికాలోని ఫ్రిస్కో నుంచి అమ్మమ్మ ఇంటికి వచ్చిన మనవడు ఆట యంత్రాన్ని కూడా పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. టెక్సాస్ రాష్ట్రంలోని ఆ ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. డాలస్ కౌబాయ్స్ అనే పేరుమోసిన ఫుట్‌బాల్ జట్టు కార్యాలయమూ, సాధన మైదానమూ ఉన్నది కూడా ఆ ఊళ్ళోనే. ఇక్కడ గవర్నర్‌పేటలో పెరుగుతున్న మనవడికి పదమూడేళ్ళు. బీసెంటు రోడ్డు మీద సైతం జనం పలచబడే మిట్టమధ్యాహ్నపు ఎండలో, బావా బావమరుదులు ఇద్దరూ తెర ముందు చేరేవారు. నాయనమ్మ పక్కనే కూర్చుని గోరుచిక్కుళ్ళు వలుచుకుంటూ ఉండేది.

ముందుగా అసలు ఆట సంగతి కొంచెం తెలియాలి. ఈ ఫుట్‌బాల్‌లో కాలికన్న చేతికే పని ఎక్కువ. బంతి గుండ్రంగా ఉండదు. పీచు తీయని కొబ్బరికాయలాగా రెండు కొసలూ సన్నగా ఉంటుంది. పక్షానికి 11 మంది. మైదానం 100 గజాల పొడవు. బంతి దొరికిన పక్షం నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. చివరి గీత దాటితే 6 పాయింట్లు. బంతిని దూరంగా విసిరేవాణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు. పరుగెత్తి దాన్ని అందుకునేవాడు రిసీవర్. క్వార్టర్‌బాక్ ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలాగా నిలబడి, అతని మీదికి ఎవరూ రాకుండా ఆపుతారు. ఆట మొత్తంలో ఈ ఐదుగురిలో చాలామంది బంతిని చేత్తో పట్టనైనా పట్టరు. వీళ్ళను గుర్తుంచుకోండి, కథంతా వీళ్ళ మీదే తిరుగుతుంది.

ఆటకు ఆ పేరు జాన్ మాడెన్ అనే శిక్షకుని వల్ల వచ్చింది. ఆయన నడిపిన ఓక్లండ్ రెయిడర్స్ జట్టు 1977 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. అటు తరవాత ఆయన పేరుతో కంప్యూటరు ఆట తయారు చేద్దామని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీవాళ్ళు వెళ్ళారు. ఆ రోజుల్లో కంప్యూటర్లకు శక్తి చాలదు. పక్షానికి ఆరుగురో ఏడుగురో ఉంటే సరిపోతుందనుకున్నారు. 11 మంది లేకపోతే అది ఫుట్‌బాలే కాదని మాడెన్ పట్టుబట్టాడు. అంచేత ఆట బయటికి రావడానికి ఏళ్ళు పట్టి, చివరికి 1988లో వచ్చింది. జట్టును నడిపే ఫ్రాంచైజీ పద్ధతి పదేళ్ళ తరవాత, 1998లో చేరింది. మాడెన్ 2021 డిసెంబరులో చనిపోయాడు. ఆట మాత్రం ఏటేటా కొత్తగా వస్తూనే ఉన్నది.

ఇక మొదలు పెడదాం. యంత్రం తిప్పగానే తెరమీద చాలా వాకిళ్ళు కనిపిస్తాయి. వాటిలో అల్టిమేట్ టీమ్ అనేది ఒకటి. అందులో పెట్టెలు కొంటే ఆటగాళ్ళు వస్తారు. ఆ పెట్టెలకు నాన్నగారి అసలు డబ్బు కూడా ఖర్చు పెట్టవచ్చు, అక్కడే ప్రమాదం. మనం వెళ్ళవలసింది ఫ్రాంచైజీ వాకిట్లోకి. అక్కడ ఖర్చయ్యేదంతా ఉత్తుత్తి డబ్బే.

లోపలికి వెళ్ళగానే మీరెవరో చెప్పాలి: ఆటగాడా, శిక్షకుడా, యజమానా? కొత్తవాళ్ళకు శిక్షకుడి పదవి మేలు. యజమాని అయితే టిక్కెట్ల ధరలూ, స్టేడియం మరమ్మతులూ కూడా నెత్తిమీద పడతాయి. తరవాత కష్టం ఎంత ఉండాలో అడుగుతుంది. రూకీ, ప్రో, ఆల్ ప్రో, ఆల్ మాడెన్ అని నాలుగు మెట్లు. మొదటి మెట్టు మీద మొదలు పెట్టడానికి సిగ్గు పడనక్కరలేదు. ప్రతి పోటీ మీరే ఆడాలని కూడా లేదు. "నువ్వే ఆడి ఫలితం చెప్పు" అంటే యంత్రమే క్షణంలో ఆడి చెబుతుంది.

అమెరికా అబ్బాయి తన ఊరి కౌబాయ్స్‌ను తీసుకున్నాడు. గవర్నర్‌పేట అబ్బాయి జాబితా అంతా తిరగేసి, అట్టడుగున ఉన్న ఒక జట్టును పట్టాడు. "ఇదేంటి బావా?" అని రెండోవాడు నవ్వాడు గాని, ఆ ఎన్నికలో తప్పేమీ లేదు. ఓడిన జట్టుకు ఒక లాభం ఉన్నది, అది తరవాత చెబుతాను. పైగా ఆ జట్టు దగ్గర ఖర్చు పెట్టడానికి డబ్బు చాలా మిగిలి ఉన్నది.

ఈ డబ్బు సంగతే ఫ్రాంచైజీకి ఆయువుపట్టు. నిజమైన ఎన్.ఎఫ్.ఎల్.లో 32 జట్లున్నాయి. యజమాని ఎంత కోటీశ్వరుడైనా సరే, ఆటగాళ్ళ జీతాలకు ఒక హద్దు దాటడానికి వీల్లేదు. ఈ నియమం 1994లో వచ్చింది. 2025లో ఆ హద్దు ఒక్కొక్క జట్టుకు 27 కోట్ల 92 లక్షల డాలర్లు. అందులోనే 53 మందికి సర్దాలి. తెరమీది ఆటలోనూ ఇదే లెక్క.

మనవాడు ఏం చేశాడనుకున్నారు? ప్రతి ఆటగాడి పక్కనా 99కి ఇన్ని అని మార్కులుంటాయి. మిలమిలలాడే మార్కులున్న రిసీవర్ ఒకడు కనిపించాడు. అతనికి మూడేళ్ళ ఒప్పందం ఇచ్చి, 3 కోట్ల డాలర్లు ముందుగానే చేతిలో పెట్టి, దానిపైన ఏటా జీతం కూడా ఒప్పుకుని తీసుకున్నాడు. మిగతా కొద్ది డబ్బుతో దొరికినవాళ్ళను దొరికినట్టు నింపాడు.

ఆట మొదలైంది. రిసీవర్ జింకలాగా పరుగెత్తాడు. కాని బంతి అతని దాకా వస్తేగా! ముందున్న ఐదుగురూ చవకరకం. క్వార్టర్‌బాక్ చెయ్యి ఎత్తేలోపలే ఇద్దరు ముగ్గురు వచ్చి అతని మీద పడేవారు. ఎన్.ఎఫ్.ఎల్.లో 2021 నుంచి ఒక్కొక్క జట్టు ఏడాదికి 17 పోటీలు ఆడుతున్నది. మనవాడు ఆ 17లో మూడే గెలిచాడు.

నాయనమ్మకు ఆట తెలియదు, లెక్క తెలుసు. "నెల జీతమంతా పెట్టి పట్టుచీర కొంటే, పొయ్యి మీదికి ఏం ఎక్కిస్తావురా?" అన్నది.

ఇది తెరమీద జరిగే వింత మాత్రమే అనుకోకండి. మన తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు సంగతి చూడండి. 2023 అక్టోబరులో ప్రొ కబడ్డీ వేలం జరిగింది. ప్రతి జట్టుకూ హద్దు 5 కోట్ల రూపాయలు. టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నది. అంతకు ముందు ఆ పోటీలలో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. పవన్ తన వంతు తాను ఆడాడు. ఎక్కువ పాయింట్లు తెచ్చిన కూతగాళ్ళలో ఒకడుగా నిలిచాడు. కాని చెడుగుడుకు ఏడుగురు కావాలి గదా! ఆ ఏడు 22 పోటీలలో టైటాన్స్ గెలిచినవి రెండే. 12 జట్లలో ఆఖరిస్థానం. మరుసటి ఏడు, 2024లో, అదే పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకుని, పెద్ద మొత్తం మిగతావాళ్ళకు ఉంచుకున్నారు. ఈసారి 22లో 12 గెలిచారు.

ఈ సంగతి చెప్పగానే మనవాడు, "అయితే నా రిసీవర్‌ను ఇప్పుడే తీసేస్తాను" అన్నాడు. అమెరికా అబ్బాయి లెక్క విప్పి చూపించాడు. ముందుగా ఇచ్చిన 3 కోట్లను పద్దులో ఏడాదికి కోటి చొప్పున మూడేళ్ళకు పంచి రాస్తారు. ఒక ఏడాది అయింది గనక, మనిషి వెళ్ళిపోయినా మిగిలిన 2 కోట్లూ మన హద్దులోనే కూర్చుంటాయి. మనిషి ఉండడు, అతని ఖర్చు ఉంటుంది! పాలేరుకు మూడేళ్ళ బయానా ముందే ఇచ్చి, ఏడాదికే పొమ్మన్నట్టు. అందుకే ఎవరినైనా తీసుకునేటప్పుడు ధరతోపాటు వయసు చూడాలి, ఎన్నేళ్ళ ఒప్పందమో చూడాలి. బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ళ వేగం ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళు దాటితే తగ్గడం మొదలవుతుంది. గోడ కట్టేవాళ్ళు అంతకన్న చాలా కాలం నిలుస్తారు.

వారం వారం చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఎవరికి దెబ్బ తగిలిందో, అతని చోట ఎవరు నిలబడాలో వరుస పట్టికలో మార్చాలి. ఎవరి ఒప్పందం ఈ ఏడుతో తీరిపోతుందో గమనించి, ఏడు తిరగకముందే మాట్లాడుకోవాలి. మనవాడు ఇది మరిచిపోయాడు. వసంతం వచ్చేసరికి అతని జట్టులో మంచివాళ్ళు ఇద్దరు చల్లగా వేరే జట్టుకు వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఓడిన జట్టుకు ఉన్న లాభం చెబుతాను. ఏటా కాలేజీలలో ఆడి వచ్చే కుర్రవాళ్ళను ఎన్.ఎఫ్.ఎల్. జట్లు వంతులవారీగా కోరుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. అందరికన్న ఎక్కువ ఓడినవాళ్ళది మొదటి వంతు, గెలిచినవాళ్ళది ఆఖరి వంతు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ 1935లో ఈ ఏర్పాటు కావాలన్నాడు. అతని జట్టు ఎప్పుడూ ఓడేది. మంచి కుర్రవాళ్ళంతా గెలిచే జట్లకే పోయేవారు. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. ఇప్పుడు ఏడు విడతలుగా జరుగుతున్నది.

మొదటి విడతలో వచ్చినవాళ్ళే గొప్పవాళ్ళు అవుతారనుకునేరు. 2000 సంవత్సరంలో టామ్ బ్రాడీ అనే క్వార్టర్‌బాక్‌ను ఆరో విడతదాకా ఎవరూ కోరుకోలేదు. అతనికన్న ముందు 198 మంది అయిపోయారు. ఆ 199వ వాడు ఆడిన జట్లు సూపర్ బౌల్‌ను ఏడుసార్లు గెలిచాయి. అంతకన్న ఎక్కువసార్లు గెలిచిన ఆటగాడు లేడు. తెరమీది ఆటలోనూ కొత్త కుర్రవాళ్ళ అసలు సత్తా మొదట దాచి ఉంటుంది. వారం వారం కాస్త సమయం పెట్టి వాళ్ళను పరిశీలింపజేస్తేనే కొద్దికొద్దిగా బయటపడుతుంది.

రెండో ఏడు మనవాడు మొదటి వంతుల్లో ఒకటి ఎడమవైపు గోడ కాచే కుర్రవాడికి వాడాడు. రెండో విడతలోనూ గోడవాడినే తీసుకున్నాడు. "వీళ్ళు బంతినైనా పట్టుకోరు గదరా!" అన్నాడు అమెరికా అబ్బాయి. ఈసారి క్వార్టర్‌బాక్‌కు నిలబడి చూసుకునే వ్యవధి దొరికింది. పాత రిసీవర్ ఆ జట్టులోనే ఉన్నాడు, ఇప్పుడు అతనికి బంతి అందుతున్నది. 17లో తొమ్మిది గెలిచాడు. ఆ తొమ్మిదిలో ఒకటి కౌబాయ్స్ మీద.

సెలవులు అయిపోయాయి. అమెరికా మనవడు వెళుతూ యంత్రాన్ని బావకు వదిలిపెట్టాడు, అక్కడ వాళ్ళ అన్నయ్యది ఇంకొకటి ఉన్నదట. ఫ్రాంచైజీని ఇంటర్నెట్ మీద 32 మంది దాకా కలిసి ఆడుకోవచ్చు. అందుచేత వీళ్ళిద్దరి ఆట ఆగలేదు. గవర్నర్‌పేటలో ఉదయం ఏడయేసరికి ఫ్రిస్కోలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆదివారం ఉదయాన మనవాడు మొహం కడుక్కుని తెర ముందుకు వస్తాడు. నాయనమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఇవాళ ఎవణ్ణి కొంటున్నావురా? వయసెంత?" అని అడుగుతుంది.