గిటార్ పికప్‌ల ఔట్‌పుట్, టోన్: అపోహలు – వాస్తవాలు

ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి, ఉక్కుతీగల కింద అమర్చే పరికరం. పైన తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, ఆ కాయిల్‌లో స్వల్ప వోల్టేజీ పుడుతుంది. ఆ వోల్టేజీ పరిమాణాన్ని ఔట్‌పుట్ అనీ, అందులో మంద్ర, తీవ్ర ధ్వనుల పాళ్లను టోన్ అనీ వ్యవహరిస్తారు. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో ఐటీ ఉద్యోగం చేస్తూ, అపార్ట్‌మెంట్ గదిలో ల్యాప్‌టాప్‌కు గిటార్ కలిపి సాధన చేసేవారికి ఆన్‌లైన్‌లో పికప్ కొనేటప్పుడు విని చూసే వీలుండదు కాబట్టి, ప్రకటనలోని అంకెలే ఆధారమవుతాయి. అందుకే ఆ అంకెల పరిమితి తెలియడం అవసరం.

అపోహ: కిలో ఓములు ఎంత ఎక్కువైతే ఔట్‌పుట్ అంత ఎక్కువ.

వాస్తవం: మల్టీమీటర్ చూపే కిలో ఓములు ఏకముఖ విద్యుత్తుకు రాగితీగ చూపే నిరోధం మాత్రమే. చుట్టే తీగ మందాన్ని నంబరుతో చెబుతారు; 43 నంబరు తీగ 42 నంబరు కంటే సన్నం కనుక, అంతే పొడవుకు దాని నిరోధం దాదాపు నాలుగో వంతు ఎక్కువ. ఔట్‌పుట్ మాత్రం ఆ మేరకు పెరగదు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కనుక, మాదాపూర్‌లోని ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 8.0 కిలో ఓములు చూపిన పికప్, మే నెలలో 40 డిగ్రీల వేడికి 8.5 చూపుతుంది. గిబ్సన్ పి-90లో ఒకే కాయిల్‌కు సుమారు 10,000 చుట్లు ఉండగా, అదే కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించిన హంబకర్‌లో సుమారు 5,000 చుట్ల కాయిల్‌లు రెండుంటాయి. రెండింటి నిరోధమూ 8 కిలో ఓముల చుట్టుపక్కలే అయినా వాటి నాదం ఒకటి కాదు. కాయిల్ విద్యుత్ మార్పును అడ్డుకునే గుణమైన ఇండక్టెన్స్ చుట్ల సంఖ్య వర్గాన్ని అనుసరించి పెరగడం ఇందుకొక ముఖ్య కారణం. హెన్రీలలో చెప్పే ఈ విలువ టోన్ గురించి నిరోధం కంటే ఎక్కువ తెలుపుతుంది.

అపోహ: సిరామిక్ అయస్కాంతం కర్కశం, ఆల్నికో మధురం.

వాస్తవం: ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌లను ఇనుముతో కలిపిన మిశ్రమలోహం. 1972 నాటి డిమార్జియో సూపర్ డిస్టార్షన్ వలె చుట్లు బాగా పెంచిన పికప్‌లలో సిరామిక్‌ను తరచూ వాడడం వల్ల, మొత్తం నిర్మాణానికి చెందిన గుణాన్ని జనం ఒక్క అయస్కాంతానికే ఆపాదించారు.

అపోహ: రాక్, మెటల్ సంగీతానికి హై ఔట్‌పుట్ పికప్ తప్పనిసరి.

వాస్తవం: డిస్టార్షన్ ప్రధానంగా ఆంప్లిఫయర్‌లోనో, పెడల్‌లోనో, సాఫ్ట్‌వేర్‌లోనో గెయిన్ పెంచడం వల్ల వస్తుంది. పైగా రెండు ధ్వనుల్లో కాస్త బిగ్గరగా ఉన్నదే మెరుగని చెవికి తోస్తుంది కనుక, స్థాయి సమం చేయకుండా వినే పోలికకు విలువ లేదు. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య ఎడాన్ని సుమారు 2 మిల్లీమీటర్ల నుంచి కొద్దికొద్దిగా మార్చి చూస్తే, ఖర్చు లేకుండానే ఔట్‌పుట్‌లో స్పష్టమైన తేడా వినిపిస్తుంది.

అపోహ: టోన్‌ను నిర్ణయించేది పికప్ ఒక్కటే.

వాస్తవం: పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక నిర్దిష్ట పౌనఃపున్యం వద్ద ధ్వనిని ఉబ్బెత్తుగా వినిపింపజేస్తాయి, దీన్నే అనునాదం అంటారు. కేబుల్ పొడవు పెరిగితే, ఆ పొడవులో విద్యుదావేశాన్ని నిలుపుకునే కెపాసిటెన్స్ కూడా పెరిగి, అనునాదం కిందికి జారి, నాదం మెత్తబడుతుంది. గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఉన్న ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 1 మెగా ఓము దగ్గర ఉండగా, లైన్ ఇన్‌పుట్‌ది సుమారు 10 కిలో ఓములే కనుక, పొరపాటున రెండోదానికి కలిపితే మంచి పికప్ కూడా బలహీనంగా, మొద్దుబారినట్టు మోగుతుంది.

కాబట్టి కొత్త పికప్‌కు డబ్బు పెట్టేముందు ఇన్‌పుట్, కేబుల్, పికప్ ఎత్తు సరిచూసుకోవాలి. అప్పటికీ కొనక తప్పదనుకుంటే, ఇండక్టెన్స్, అయస్కాంతం, చుట్టిన తీగ నంబరు అడిగి, సమాన స్థాయిలో విన్నాకే నిర్ణయించుకోవాలి.